కొడుకు పేరు మీద గడ్డ

“వంశీకృష్ణగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు మగవారేనా?”

తిరువూరు మెయిన్ రోడ్డు మీద తన డ్రిప్ పైపుల షాపులో గంపలగూడెం రైతుకి పైపు కొలిచిస్తున్న వంశీ, ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి నంబరు చూశాడు. హైదరాబాద్ నుంచి.

“ఎవరండీ మీరు?”

“డాక్టర్ గ్లోరి. మీరు పంపిన గడ్డ ముక్క పరీక్ష చేస్తున్న ల్యాబ్ నుంచి. పేరు వంశీకృష్ణ, మగ అని రాసి పంపారు.”

“అవును. మగాడినే.”

“అయితే ఈ గడ్డ మీది కాదు.”

“ఏం బాబూ, కోస్తావా, సాయంత్రం దాకా కొలుస్తూనే ఉంటావా?” అన్నాడు రైతు. వంశీ కోశాడు. మూర పొడుగు తగ్గించి కోశాడని చేతిలోకి తీసుకున్న రైతు చెబితే గానీ తెలియలేదు.

“మగవాళ్ల కణాల్లో ఎక్స్ క్రోమోజోము ఒకటి, వై ఒకటి ఉంటాయి. ఇందులో రెండూ ఎక్స్‌లే” అంటోంది గ్లోరి. “ఇలాంటి గడ్డల్లో ఒక్కోసారి వై రాలిపోతుంది, అది మాకూ తెలుసు. అందుకే గడ్డకి అంటుకుని వచ్చిన మంచి కణాలు కూడా చూశాం. అక్కడా వై లేదు. ఇది ఆడమనిషిది. ఎవరిదో తేలేదాకా రిపోర్టు ఆపేస్తున్నాను.”

ఆ చివరి మాట ఒక్కటే వంశీ తలలోకి వెళ్లింది. ఇవాళ సోమవారం. శుక్రవారం అమ్మకి ఆపరేషన్. ఆ రిపోర్టు రాకపోతే కాలు తీసేయాలో ఉంచాలో డాక్టరు తేల్చుకోలేడు.

భయం వేయాల్సిన చోటు. వేయలేదు. పంటి డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో లోపలంతా అలా ఉంది. తనదే, కానీ తనది కాదు.

*

ఇదంతా ఒక చెప్పుతో మొదలైంది.

ఎండలు ముదిరిన రోజుల్లో వంశీ తల్లి రావమ్మ కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చింది. గుమ్మంలో కోడలు భువన సంచీ అందుకుంటూ, “అత్తయ్యా, కుడికాలి చెప్పేదీ?” అంది. రావమ్మ కిందికి చూసుకుంది. చెప్పు లేదు. తారురోడ్డు వేడికి అరికాలు బొబ్బలెక్కింది. ఎక్కడ జారిపోయిందో, ఎంత దూరం ఒంటి చెప్పుతో నడిచిందో ఆవిడకే తెలియదు.

తొడ వెనక గడ్డ చాలా ఏళ్లుగా ఉంది. నిమ్మకాయంత ఉండేది, ఈ ఏడు బత్తాయంత అయింది. ఆ ఇంట్లో గడ్డలకి ఎవరూ బెదరరు. రావమ్మ ఒళ్లంతా చింతగింజల్లాంటి మెత్తటి గడ్డలే. వాళ్లమ్మకీ అంతే. ఉలిపిరికాయలేమోనని ఎవరో గుర్రం తోక వెంట్రుక తెచ్చి కట్టారట, ఒకటి రాలిపోయి రెండు పుట్టాయట. “మా ఇంటి ఆడవాళ్ల ఒళ్లే అంత” అని నవ్వేసేది రావమ్మ. మగవాళ్ల ఒంటి మీద ఏముందో ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు.

విజయవాడ సర్జన్ మురళీకృష్ణగారు సూదితో ముక్క తీయించారు. రావమ్మని బయట కూర్చోబెట్టి, వంశీని లోపలికి పిలిచారు.

“కేన్సరే. కానీ ఏ రకమో తేలట్లేదు. మైక్రోస్కోపులో రెండు రకాలు ఒకేలా కనబడుతున్నాయి. ఒకదాంట్లో ఎక్స్ క్రోమోజోము ముక్క, పద్దెనిమిదో క్రోమోజోము ముక్క చోట్లు మార్చుకుంటాయి. మార్పు అదొక్కటే. అలాంటిదైతే ముందు మందు ఎక్కించి గడ్డని కుదించొచ్చు, కాలు దక్కించుకోవచ్చు. రెండోది నరం పైన తొడుగు ఉంటుంది చూడండి, అందులోంచి పుట్టేది. దాంట్లో ఆ మార్పిడి ఉండదు. క్రోమోజోములు చిందరవందరైపోతాయి. కొన్ని ముక్కలు పోతాయి, కొన్ని అవసరం లేకుండా పెరుగుతాయి. దానికి మందు పెద్దగా పనిచేయదు. మీ అమ్మగారికి అది పెద్ద నరాన్నీ రక్తనాళాన్నీ చుట్టేసి కూర్చుంది కాబట్టి కాలు తీసేయడమే. ఆవిడ ఒళ్లు చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది. కానీ అనుమానం మీద కాలు తీయను. క్రోమోజోముల పరీక్ష చేయించండి. శుక్రవారం దాటితే మాత్రం ఆగలేను, ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది.”

తర్వాత ఇంకొకటి అడిగారు. “మీకు గానీ, ఇంట్లో ఇంకెవరికైనా గానీ ఇలాంటి గడ్డలు, మచ్చలు?”

“లేవు సార్. ఆడవాళ్లకే.”

అబద్ధమాడుతున్నానని వంశీ అనుకోలేదు.

మైనంలో అచ్చుపోసిన ముక్కని చిన్న డబ్బాలో పెట్టి చేతికిచ్చారు. హైదరాబాద్ ల్యాబుకి శాంపిళ్లు పంపే సెంటరు తిరువూరులోనే ఉంది. అక్కడ కౌంటర్లో కూర్చునేది జోజమ్మ. మంచి మనిషి. కానీ జోజమ్మకి ఉదయం తెలిసింది మధ్యాహ్నానికి విస్సన్నపేట బస్సులో కండక్టరుకి తెలుస్తుంది.

అమ్మకి తెలియకూడదు. అమ్మమ్మకి కేన్సర్ మాట చెప్పిన రోజే ఆవిడ అన్నం ముద్ద పక్కన పెట్టేసింది, నెల తిరక్కుండానే పోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆ మాట జబ్బు మనిషికి చెప్పరు. అదొక కట్టుబాటు అయిపోయింది. రావమ్మకి చెప్పింది “నరం మీద గడ్డ, తీసేస్తారు” అని. అందులో అబద్ధమేమీ లేదు.

“పేషెంటు పేరు?” అంది జోజమ్మ.

డాక్టరు చీటీ జేబులోంచి తీయకుండా, టెస్టు పేరు పైకి చెప్పి, “నా పేరే రాయండి” అన్నాడు వంశీ.

జోజమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాసింది.

*

“ముక్క మా అమ్మది డాక్టర్‌గారూ” అన్నాడు వంశీ ఫోన్లో, రైతుని పంపించేసి, షట్టరు సగం దించి.

“ఎందుకండీ ఇలాంటి పని చేశారు?” గ్లోరి గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. “సరే. మీ మాట నమ్మి సంతకం పెట్టలేను. కాలు తీసే సంగతి ఇది. ఆవిడ రక్తం, ఆవిడ సంతకంతో పంపండి. పోల్చి చూస్తాను.”

“సంతకం దేని మీదండీ?”

“ఒప్పుకోలు పత్రం. తెలుగులోనే ఉంటుంది, ఏం పరీక్ష, ఎందుకు అని.”

రావమ్మ పురుగుమందు డబ్బా వెనక అచ్చు కూడా కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివే మనిషి.

“నా రక్తం తీసుకోండి. కొడుకుని. సగం ఆవిడదేగా. సరిపోదా?”

“సరిపోతుంది. కానీ మీ రక్తం చూస్తే మీ సంగతి కూడా బయటపడుతుంది. అది కూడా చెప్పమంటారా, వద్దా?”

“చెప్పండి. నాదేముంటుంది.”

మర్నాడు తెల్లారకముందే కారు తీసి, ఖమ్మం మీదుగా హైదరాబాద్ వెళ్లాడు. చేయి చాపాడు, రక్తం ఇచ్చాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. గురువారం సాయంత్రానికి చెబుతానంది గ్లోరి. దారిలో ఏం తిన్నాడో, అసలు తిన్నాడో లేదో గుర్తులేదు. తిరిగొచ్చేసరికి ఇంటి గుమ్మం ముందు బోలెడు చెప్పులు.

వరండాలో రావమ్మ కుర్చీలో ఉంది. చుట్టూ మనుషులు. బల్ల మీద ఆపిల్స్, బత్తాయిలు, రెండు హార్లిక్స్ సీసాలు. స్తంభానికి ఆనుకుని జోజమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. ల్యాబువాళ్లు ముందు తనకే ఫోన్ చేసి, ఆ వంశీకృష్ణ ఎవరని అడిగారట. మనసాగక వచ్చి, వంశీ కేన్సర్ పరీక్ష సంగతి చెప్పేసిందట.

“అదుగో వచ్చాడు” అన్నాడు హనుమయ్య, రావమ్మ తమ్ముడు. “గడ్డ పెట్టుకుని హైదరాబాద్ దాకా కారు తోలుకెళ్లి వచ్చాడంటే వీడిది ఉక్కు ఒళ్లక్కా, ఏం కాదు.”

“నువ్వు నోర్ముయ్యరా” అంది రావమ్మ. కొడుకు వైపు చూసింది. “ఒరేయ్, నీకు గడ్డేంటి? ఎక్కడ?”

భువన తలుపు దగ్గర నిలబడి కళ్లతోనే అడుగుతోంది, ఏం చెబుతారని. నాది కాదు అంటే, మరి ఎవరిది అంటారు. అందరూ అమ్మ కాలి వైపు చూస్తారు.

“నాదేనమ్మా” అన్నాడు వంశీ. “చిన్నదే. భుజం మీద.”

జోజమ్మ ఏడుపు పెద్దదైంది. ఎవరో బొప్పాయి ఆకు రసం తాగమన్నారు. ఇంకెవరో తమ తోడల్లుడి సంగతి ఎత్తుకున్నారు. వంశీ అన్నిటికీ తలూపాడు. తన చావు గురించి నలుగురు కూర్చుని మాట్లాడుతుంటే ఇంత తేలిగ్గా ఉంటుందని అతనెప్పుడూ అనుకోలేదు. పైపులో నీళ్లు పోతుంటే చూసినట్టు చూశాడు.

అందరూ వెళ్లిపోయాక రావమ్మ చేతికర్ర నేలకి ఆనించి లేచింది.

“శుక్రవారం నేను విజయవాడ రాను.”

“అమ్మా!”

“నా కాలుదేముంది, ఇన్నాళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది. ముందు నీ సంగతి తేలాలి. నీకు కత్తి పడకుండా నేను బల్ల ఎక్కితే నన్ను మనిషంటారా?”

“అత్తయ్యా, డాక్టరుగారు ఆగడానికి లేదన్నారు” అంది భువన.

“నాకు నరం మీద గడ్డమ్మా. వాడికి కేన్సర్. ఏది ముందు?”

వంశీ చెప్పిన ఒక్కో అబద్ధం అమ్మ కాలికి ఒక్కో తాడు కట్టింది. ఇప్పుడు లాగితే ఏ తాడు ఎటు పోతుందో తెలియట్లేదు. బుధవారమంతా బతిమాలారు. హనుమయ్య వచ్చి అరిచాడు. రావమ్మ కదల్లేదు.

*

గురువారం సాయంత్రం రెడ్డిగూడెం రోడ్డులో మామిడితోట. బంగినపల్లి కోత చివరికొచ్చింది. చెట్ల కింద ట్రేలు పేర్చి ఉన్నాయి. రావమ్మ నులకమంచం వేయించుకుని, కుడికాలు దిండు మీద చాపుకుని, కాయలు ఏరుతోంది. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తుంది. లోపల టెంకలో జీడి కట్టిందో లేదో, ఎన్నాళ్లకి పండుతుందో ఆ నొక్కులోనే తెలుస్తుందావిడకి. కోతకొచ్చిన కూలీలు ఆ వేలికి భయపడతారు.

వంశీ ఫోన్ మోగింది. దూరంగా, బోరు షెడ్డు వెనక్కి నడిచాడు.

“ముక్క మీ అమ్మగారిదేనని తేలింది” అంది గ్లోరి. “రిపోర్టు సర్జన్‌గారికి పంపించాను.”

“ఏ రకమండీ?”

“ఎక్స్, పద్దెనిమిది చోట్లు మారలేదు. తొమ్మిదోదాంట్లో ఒక ముక్క పూర్తిగా లేదు. కణాన్ని పెరగకుండా ఆపే బ్రేకు ఉండే చోటది. ఎనిమిది, ఏడు ఎక్కువెక్కువ ఉన్నాయి. పదిహేడులో కూడా నష్టం ఉంది. నరం తొడుగు కేన్సరే. నన్ను క్షమించండి.”

కాలు పోయింది. వంశీ బోరు మోటారు వైపు చూశాడు. స్టార్టరు మూత విరిగి వేలాడుతోంది. మార్చాలి, అనుకున్నాడు.

“వంశీగారూ, ఉన్నారా? ఇంకొకటి ఉంది. మీరు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. పదిహేడో క్రోమోజోములో ఒక ముక్క మీ అమ్మగారి మంచి కణాల్లో కూడా లేదు. అంటే అది పుట్టుకతోనే లేదు. నరాల మీద గడ్డలు పెరగకుండా కాచే జీను అక్కడే ఉంటుంది. మీ రక్తంలో కూడా సరిగ్గా ఆ ముక్కే లేదు.”

“నాకు గడ్డల్లేవండీ.”

“ఒంటి మీద టీ మరకల్లాంటి మచ్చలు?”

నడుము మీద, వీపు మీద, చిన్నప్పట్నుంచీ ఉన్నవే. పుట్టుమచ్చలనే అనుకున్నాడు. ఎడమ భుజం వెనక చర్మం కింద ఒకటి మెత్తగా తగులుతుంది. అది కూడా ఉంది.

“ఇప్పుడు కేన్సర్ ఉందని కాదు” అంది గ్లోరి. “ఒకే ఇంట్లో ఒకరికి ఒళ్లంతా ఉంటుంది, ఒకరికి అంతగా కనబడదు. కానీ చూపించుకుంటూ ఉండాలి. ఏదైనా గట్టిపడినా, త్వరగా పెరిగినా, తిమ్మిరి పట్టినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. మీ అమ్మగారు చాలా ఆగారు.”

ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు. మంగళవారం వరండాలో తను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. చిన్నదే, భుజం మీద. అప్పుడు వేరే చోటేదీ తోచక, నోటికొచ్చింది చెప్పాననుకున్నాడు.

వచ్చి మంచం కోడు దగ్గర నేల మీద కూర్చున్నాడు. కూలీలు అవతలి వరసలో ఉన్నారు.

“ల్యాబు నుంచేనా?” అంది రావమ్మ, కాయ నొక్కుతూ.

“అమ్మా, ఆ గడ్డ నాది కాదు. నీది. కేన్సర్ నీకు. నీకు తెలియకూడదని నా పేరు మీద పంపాను.”

ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉంది. కింద పడేయలేదు, ట్రేలో పెట్టలేదు.

“కాలు తీసేస్తారా?”

“అవును.”

“ఎక్కడిదాకా?”

“పైదాకా. తొడ మొదలు దాకా.”

రావమ్మ దిండు మీది కాలు వైపు చూసుకుంది. పాదం మీద ఎర్రచీమ ఒకటి పాకుతోంది. ఆవిడ దాన్ని చూస్తోంది గానీ దులపలేదు. వంశీయే చేయి చాపి తీసేశాడు.

“ఎలాగూ నాతో మాట్లాడ్డం మానేసిందిలే ఇది” అంది చివరికి. “మీ అమ్మమ్మలా అన్నం మానేస్తాననుకున్నావా?”

“అనుకున్నాను.”

“ఆవిడ కొడుకుని వాటేసుకుని ఏడ్చింది గానీ ఒక్కళ్లనీ ఏమీ అడగలేదు. నేను అడుగుతా. అది ఊరికే ఎందుకొచ్చింది నాకు?”

వంశీ చెప్పాడు. పోల్చడానికి తను ఇచ్చొచ్చిన రక్తం, పదిహేడు, లేని ముక్క, అమ్మమ్మ, అమ్మ. అక్కడ ఆగాడు. రావమ్మ కళ్లు చిట్లించింది. ఫోన్‌తో బోరు షెడ్డు వెనక్కి వెళ్లిన మనిషి అంతసేపు రాకపోవడం ఆవిడ గమనించకుండా ఉండదు.

“నీ రక్తం కూడా తీసుకున్నారన్నావుగా. అందులో ఆ ముక్క ఉందా?”

“లేదు.”

ఎక్కడో ట్రే ఎత్తేస్తున్న చప్పుడు. ఎవరో ఎవరినో తిడుతున్నారు, మెత్తగా పెట్టవే, కాయ దెబ్బ తింటుందని.

“చొక్కా విప్పు” అంది రావమ్మ.

“అమ్మా, కూలీలున్నారు.”

“విప్పరా. ఆడవాళ్ల ఒళ్లే అంత అని నీకు చెప్పింది నేనేగా. ఇప్పుడు నేనే చూస్తా.”

విప్పి, ఆవిడ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. కొడుకు పెద్దవాడయ్యాక ఆ వీపు ఆవిడ చూడలేదు. మచ్చ మచ్చనీ వేలితో తడుముకుంటూ పైకి వచ్చింది. ఎడమ భుజం వెనక ఆగింది. బొటనవేలితో, తొడిమ దగ్గర నొక్కినట్టే, మెల్లగా నొక్కింది.

“నొప్పా?”

“లేదు.”

“నా వేలు తెలుస్తోందా?”

“తెలుస్తోందమ్మా.”

వేలు తీయలేదు.

“నాకూ మొదట్లో తెలిసేది” అంది.

వంశీ కళ్లు మూసుకున్నాడు. సోమవారం నుంచీ మొద్దుబారి ఉన్న ఒళ్లు మొత్తంలో ఆ వేలు ఆనిన చోటు ఒక్కటే ప్రాణంతో ఉన్నట్టుంది. మిగతా ఒళ్లు ఇంకా అలానే ఉంది.

“రేపు వస్తాను” అంది రావమ్మ. “కాలు తీసుకోమను. కానీ ముందు ఆ డాక్టరు నీ వీపు చూడాలి. ఇది ఇలా వదిలేయాలో, తీసేయాలో, ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలో నా ముందు చెప్పాలి. అది నా చెవిన పడ్డాకే బల్ల ఎక్కుతా. చెప్పు, ఒప్పుకుంటావా?”

“ఒప్పుకుంటాను.”

“చొక్కా వేసుకో. చీకటి పడేలోపు ఆ వరస ఎత్తేయాలి.”

*

శుక్రవారం పొద్దున విజయవాడ ఆస్పత్రి కౌంటర్లో ఉన్న అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది. “పేషెంటు పేరండీ?”

వంశీ నోరు తెరిచేలోపే చక్రాల కుర్చీలోంచి రావమ్మ అంది, “ముందు వీడిది రాయమ్మా. తర్వాత నాది.”

“ఇద్దరూ పేషెంట్లేనా?”

“ఇద్దరమే.”

అమ్మాయి తల ఎత్తి ఇద్దరినీ చూసింది. ఎవరిది ఎక్కువ జబ్బో ఆ మొహాలని బట్టి పోల్చుకోలేకపోయినట్టుంది.

“పేరు?”

“వంశీకృష్ణ.”

“మేలా?” అంది అలవాటుగా, అప్పటికే రాసేస్తూ.

“మగే” అన్నాడు వంశీ. “ఎడమ భుజం వెనక గడ్డ. వీపు నిండా మచ్చలు. మా అమ్మకి ఉన్న జబ్బే.”

కుర్చీ చక్రం కుడిపక్క చెప్పు ఒకటి పడి ఉంది. భువన వంగి తీసి, అత్తగారి కుడికాలికి తొడిగింది. రావమ్మ కిందికి చూసింది కాబట్టి తొడిగినట్టు తెలిసింది.